పొంగిన పాలు, పసివాని కోపం

(కార్తిక మాస సాయంకాల ఉపన్యాసం)



కార్తిక మాసంలో మనం చేసే ప్రతి స్నానానికీ, వెలిగించే ప్రతి దీపానికీ సంకల్పంలో ఒక నామం చెప్పుకొంటాము. అది దామోదర నామం. ఈ మాసానికి అధిదేవత దామోదరుడు. దామం అనగా త్రాడు, ఉదరం అనగా కడుపు. కడుపునకు త్రాడు కట్టబడినవాడు దామోదరుడు. సకల భువనాలను తన కడుపులో దాచుకొన్న స్వామికి గంభీరమైన నామాలు ఎన్నో ఉన్నవి. అయినను ఒక తల్లి చేత కట్టబడిన పసివాని పేరును ఈ పవిత్ర మాసానికి నిలిపినారు మన పూర్వులు. ఆ పేరు వెనుక ఉన్న కథలో యుద్ధం లేదు, వరప్రదానం లేదు. ఒక ఇంటిలో ఒక ఉదయం ఒక పసివానికి కోపం వచ్చినది. కథ అక్కడ మొదలైనది.

ఇందాక దీపారాధన జరుగుతుండగా ఆ స్తంభం ప్రక్కన ఒక చిన్నవాడు నేలపై పడి కాళ్ళు తన్నుకొంటూ ఏడ్చినాడు. పది మంది తలలు అటు తిరిగినవి. నేను ఆ తల్లి ముఖం చూచినాను. బిడ్డ ఏడుపు కంటె చుట్టూ ఉన్నవారి చూపులే ఆమెను ఎక్కువగా బాధించినవి. బిడ్డను చంకన వేసుకొని బయటకు వెళ్ళబోయినది. అమ్మా, వెళ్ళవద్దు, కూర్చో. నీ బిడ్డ నేటి ఉపన్యాసానికి అడ్డు రాలేదు. నేను చెప్పదలచినది అతని గురించే.

శ్రీమద్భాగవతం దశమ స్కంధంలోని ఆ ఘట్టాన్ని ఒకసారి మనస్సులో చూచుకొందాము. యశోదమ్మ తెల్లవారగానే స్వయంగా పెరుగు చిలుకుతున్నది. బాలకృష్ణునికి ఆకలి వేసినది. వచ్చి కవ్వం పట్టుకొన్నాడు. ఆమె చిలకడం ఆపి, ఒడిలోకి తీసుకొని పాలు ఇస్తున్నది. ఇంతలో పొయ్యిమీద పాలు పొంగినవి. బిడ్డ కడుపు ఇంకా నిండలేదు. ఆమె అతనిని దించి పొయ్యి వద్దకు పరుగెత్తినది. కృష్ణునికి కోపం వచ్చినది. ఎఱ్ఱని పెదవి వణికినది. దానిని పంట బిగబట్టినాడు. రాయి తీసి పెరుగు కుండ పగులగొట్టినాడు. లోపలికి పోయి చాటుగా వెన్న తినసాగినాడు.

ఇది ఏ ఇంటిలో జరగదు? ఆకలిమీద ఉన్న బిడ్డ, చేతినిండా పనిగల తల్లి, సగంలో ఆగిన ముద్దు. ఆ తరువాత ఒక కుండయో, ఒక గాజుగ్లాసో, ఒక కళ్ళజోడో పగులుతుంది. పరమాత్మయే పసితనం ధరించినప్పుడు ఆ పసితనానికి సహజమైన కోపాన్ని కూడా ధరించినాడు. కాబట్టి మన ఇంటి పసివానికి కోపం రావడం పాపం కాదు, పెంపకంలో దోషమూ కాదు. అది వయస్సు యొక్క ధర్మం.

ఇక యశోదమ్మ ఏమి చేసినదో చూడండి. తిరిగి వచ్చి పగిలిన కుండను చూచి మొదట నవ్వినది. తరువాత కర్ర తీసుకొని వెనుక నుండి మెల్లగా వెళ్ళినది. తిరగవేసిన రోలుపై కూర్చుండి కోతికి వెన్న పెడుతున్న కృష్ణుడు కర్రను చూచి పరుగెత్తినాడు. ఆమె వెంటబడి పట్టుకొన్నది. అతడు ఏడుస్తూ కన్నులు నలుపుకొంటే కాటుక ముఖమంతా అలముకొన్నది. ఆ కన్నులలో భయం కనిపించినది. ఆ భయం చూచిన తక్షణమే ఆమె కర్రను పారవేసినది.

మహాశయులారా, మనం ఈ కథలో త్రాడును జ్ఞాపకం పెట్టుకొన్నాము, రోలును జ్ఞాపకం పెట్టుకొన్నాము, కూలిన మద్దిచెట్లను జ్ఞాపకం పెట్టుకొన్నాము. తల్లి చేతినుండి క్రింద పడిన ఆ కర్రను మరచిపోయినాము. నేను నేడు చెప్పదలచినది ఆ ఒక్క మాటయే. బిడ్డ శాంతించవలెనంటే మొదట పెద్దవారి చేతిలోని కర్ర క్రింద పడవలెను. చేతి కర్ర మాత్రమే కాదు, కంటిలోని కర్ర, నాలుకపైని కర్ర కూడా.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చిన మాట కాదు. నేను చేసిన తప్పు నాకు నేర్పినది. ముప్పది ఏండ్ల క్రిందటి సంగతి. మా ఇంట సత్యనారాయణ వ్రతం. మా అబ్బాయికి అప్పుడు నాలుగేండ్లు. ఉదయం నుండి ఆకలితో, నిద్రమత్తుతో ఉన్నాడు. ప్రసాదం కావాలని పేచీ పెట్టినాడు. పూజ కాలేదన్నాము. కోపంతో చేయి విసిరినాడు. పంచామృతం గిన్నె ఒరిగి పీట అంతా పాలు, తేనె. బంధువుల ముందు నాకు తల కొట్టివేసినట్లయినది. అంతవరకు స్వామికి పుష్పాలు సమర్పించిన ఆ చేతితోనే వానిని కొట్టినాను. వెక్కి ఏడ్వబోయి, నా ముఖం చూచి, టక్కున ఆపివేసినాడు. శాంతించినాడని నేను అనుకొన్నాను.

మా తల్లి లేచి వచ్చి వానిని ఎత్తుకొన్నది. తడిగుడ్డతో ముఖం తుడిచినది. పెరటిలోకి తీసుకొనిపోయి ఒక అరటిపండు పెట్టినది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, వీపు నిమురుతూ కూర్చున్నది. వాని ఎక్కిళ్ళు తగ్గిన తరువాత ఒక పాతగుడ్డ వాని చేతికిచ్చి, "రా నాన్నా, పాలు ఒలికినవి కదా, ఇద్దరం తుడుద్దాం" అన్నది. ఇద్దరూ కలిసి పీట తుడిచినారు. సాయంకాలం నాతో ఒక మాట అన్నది. "ఒరే, పాలు ఒలికితే స్వామికి కోపం రాలేదురా. నీకెందుకు వచ్చింది?"

ఆనాటి నుండి మా అబ్బాయి పూజ గది గడప దాటి లోపలికి రావడం మానినాడు. కొన్నాళ్ళకు నేను పిలిచినాను. "లోపలికి రారా" అంటే గడప బయటనే నిలబడి, "దేవుడు కొడతాడు" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నా గుండె ఎట్లా అయినదో చెప్పలేను. స్వామిని నా బిడ్డకు పరిచయం చేయవలసినవాడను నేను. నేను పరిచయం చేసినది నా కోపాన్ని. నాలుగేండ్ల పసివానికి తండ్రి ముఖమే దేవుని ముఖం. నేను గడప బయటకు వచ్చి, వాని ముందు కూర్చుండి, "దేవుడు కొట్టలేదు నాన్నా. కొట్టింది నేను. తప్పు నాది" అని చెప్పినాను. వాడు వెంటనే రాలేదు. కొన్ని దినాలు పట్టినది. ఒకనాడు తానే వచ్చి నా ఒడిలో కూర్చుండి గంట వాయించినాడు. బిడ్డ ముందు తప్పు ఒప్పుకొంటే పెద్దరికం పోతుందని భయపడే తండ్రులకు ఈ మాట చెప్పుతున్నాను. పెద్దరికం పోలేదు. పోయిన బిడ్డ తిరిగి వచ్చినాడు.

నేటి వైద్యశాస్త్రం కూడా ఇక్కడ మనకు తోడు నిలుస్తున్నది. ఆవేశాన్ని అదుపు చేసి ఆలోచింపజేసే భాగం మెదడు ముందువైపున ఉంటుంది. అది పుట్టుకతోనే సిద్ధమై రాదు. ఇరవై ఏండ్లు దాటిన తరువాత కూడా పక్వమవుతూనే ఉంటుంది. మూడేండ్ల బిడ్డకు కోపం పూర్తిగా ఉన్నది, పగ్గం ఇంకా తయారు కాలేదు. ఏడాది నిండిన దగ్గర నుండి నాలుగేండ్ల వరకు ఈ పేచీలు ఎక్కువగా ఉండడానికి ఇదియే కారణం. కావలసినది చాలా ఉంటుంది, చెప్పడానికి మాటలు చాలవు, ఓర్చుకొనే శక్తి రాదు. తనకు లేని శాంతిని ఆ బిడ్డ మన దగ్గర అప్పు తెచ్చుకోవలెను. మన దగ్గరనే లేకపోతే అప్పు ఎక్కడ దొరుకుతుంది?

భగవద్గీత రెండవ అధ్యాయంలో స్వామి ఒక మెట్ల వరుస చూపినాడు. కోరిక నుండి కోపం, కోపం నుండి మోహం, దానినుండి స్మృతి చెదరడం, దానివలన బుద్ధి నశించడం. బుద్ధి పనిచేయని ఆ క్షణంలో బిడ్డకు నీతి బోధించి ప్రయోజనం ఏమున్నది? వినే ద్వారం మూసి ఉన్నది. పాలు పొంగినప్పుడు యశోదమ్మ పాలకు ఉపదేశం చేసినదా? పొయ్యి వద్దకు వెళ్ళి పాలు దించినది. మన ఇంటిలోనూ అంతే. పాలు పొంగితే మంట తగ్గిస్తాము, నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తాము. మూత పెట్టి నొక్కము. పొంగే బిడ్డ విషయంలోనూ మొదటి పని మంట తగ్గించడం. మన కేకలు కట్టెలు. మన మౌనం నీటిచుక్క.

అయితే చేయవలసినది ఏమిటి? మా తల్లి చేసిన పనులను వరుసగా చెప్పుతాను, తల్లులు గుర్తు పెట్టుకోండి. మొదట, మనం ఒకసారి నిండుగా ఊపిరి తీసుకొని మెల్లగా విడువవలెను. పైనుండి గద్దించక బిడ్డ ఎత్తుకు వంగి కూర్చోవలెను. మాటలు తక్కువగా, గొంతు తగ్గించి పలుకవలెను. కొట్టబోయే చేతిని, విసరబోయే వస్తువును మెత్తగా పట్టుకొని ఆపవలెను. ఎత్తుకొంటే ఊరట పొందే బిడ్డను ఎత్తుకోవలెను. ముట్టుకొంటే ఇంకా రేగే బిడ్డకు కొంచెం ఎడంగా, కనబడేటట్లు కూర్చోవలెను. విడిచి పోరాదు.

తరువాత ఆ బాధకు పేరు పెట్టవలెను. "అన్నయ్య నీ బొమ్మ లాక్కొన్నాడని కోపం వచ్చిందా తల్లీ?" అంటే చాలు. రోగానికి పేరు తెలిస్తే రోగికి సగం ధైర్యం వస్తుంది. తన లోపల లేచిన గాలిదుమారానికి కోపం అని, దుఃఖం అని, భయం అని పేర్లు ఉన్నవని, అవి అమ్మకు తెలుసునని బిడ్డకు తోస్తుంది. మాటలు వచ్చినకొద్దీ కాళ్ళు తన్నుకోవలసిన అవసరం తగ్గుతుంది.

శ్వాసను కూడా ఆటవలె నేర్పవచ్చును. దీపాన్ని నోటితో ఊది ఆర్పడం మన సంప్రదాయం కాదు కనుక ఆ ఆట వద్దు. "ఈ పువ్వు వాసన చూడు. ఇప్పుడు వేడి పాలు చల్లార్చినట్లు మెల్లగా ఊదు" అనండి. వాసన చూచినప్పుడు ఊపిరి లోపలికి, పాలు ఊదినప్పుడు దీర్ఘంగా వెలుపలికి పోతుంది. వెలుపలికి పోయే ఊపిరి దీర్ఘమైనకొద్దీ గుండె దడ నెమ్మదిస్తుంది. ఓంకారాన్ని సాగదీసి పలికినా ఇదే జరుగుతుంది. అయితే ఈ ఆటను పేచీ వేళ మొదలుపెట్టరాదు. రోజూ సంధ్యాదీపం వెలిగించిన వేళ నవ్వుతూ ఆడించండి. అలవాటైన తరువాత ఆపదలో అక్కరకు వస్తుంది.

ఇంకొక సంగతి. కృష్ణుని కోపానికి మూలం ఆకలి. మా అబ్బాయి పేచీకి మూలం ఆకలి, నిద్ర. బిడ్డ రేగినప్పుడు మొదట కడుపు చూడండి, కన్నులు చూడండి. మూడు, నాలుగేండ్ల బిడ్డకు రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఏడాది, రెండేండ్లవారికి పగటి కునుకుతో కలిపి 11 నుండి 14 గంటలు. రాత్రి పదకొండు వరకు టీవీ మ్రోగే ఇంటిలో బిడ్డకు శాంతి ఎక్కడినుండి వస్తుంది? ఆ సంస్థయే ఏడాది బిడ్డకు ఆ తెరలు అసలే వద్దన్నది. రెండు నుండి నాలుగేండ్లవారికి రోజుకు ఒక గంటకు మించరాదన్నది. ఏడ్చిన వెంటనే సెల్ ఫోను చేతికిస్తే ఏడుపు ఆగుతుంది, నిజమే. కాని తన మనస్సును తాను కుదుటపరచుకొనే అభ్యాసం కూడా అక్కడే ఆగిపోతుంది.

కొన్ని మాటలు మన ఇండ్లలో వెళ్ళగొట్టవలసినవి ఉన్నవి. "బూచివానికి పట్టిస్తాను", "పోలీసు వస్తాడు", "డాక్టరు సూది వేస్తాడు", "దేవుడు కళ్ళు పోగొడతాడు". రేపు బిడ్డ తప్పిపోతే ఆ పోలీసువద్దకే వెళ్ళవలెను. జ్వరం వస్తే ఆ డాక్టరు ఒడిలోనే కూర్చోవలెను. జీవితమంతా ఆ దేవునినే ఆశ్రయించవలెను. ఆశ్రయం ఇచ్చేవారినందరినీ భయపెట్టేవారుగా చేసి మనం బిడ్డకు మిగిల్చినది ఏమిటి?

ఇక్కడ పెద్దలు ఒక ఆక్షేపణ చేస్తారు. "స్వామీ, దండన లేకపోతే పిల్లలు చెడిపోరా? నీతిశాస్త్రం చెప్పలేదా?" అంటారు. చెప్పినది. ఆ ప్రసిద్ధమైన నీతిని మరొకసారి చూడండి. మొదటి అయిదేండ్లు లాలించుమన్నది. తరువాతి పదేండ్లకే శిక్షణ మాట ఎత్తినది. పదునారవ ఏడు వస్తే మిత్రునివలె చూడుమన్నది. అంత కఠినమైన నీతి సైతం అయిదేండ్ల లోపు బిడ్డ దరికి కర్రను రానీయలేదు. ఇక పెద్ద పిల్లల మాటకు వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించినది. బడిలో కూడనిది ఇంటిలో ఎట్లా కూడుతుంది?

లాలించడం అంటే అడిగినదంతా ఇవ్వడం కాదు. యశోదమ్మ కర్ర పారవేసినది గాని త్రాడు తీసుకొన్నది. బిడ్డను కట్టివేయుమని నేను చెప్పడం లేదు. త్రాడు అంటే హద్దు. "కోపం రావచ్చు, కొట్టకూడదు. ఏడవవచ్చు, వస్తువులు విసరకూడదు." ఈ హద్దును ప్రేమతో, ప్రతి దినం ఒకే తీరున నిలపవలెను. నేడు వద్దన్న మిఠాయిని రేపు ఏడుపుకు భయపడి ఇస్తే, ఏడుపే మార్గమని మనమే నేర్పినవారమవుతాము. శాంతించిన తరువాత తప్పును సరిదిద్దే పనిలో బిడ్డను కలుపుకోవలెను. కొట్టిన చెల్లెలికి నీళ్ళు తెచ్చి ఇవ్వడం, ఒలికిన పాలు తుడవడం, ఇవే పసివారికి తగిన ప్రాయశ్చిత్తాలు.

ఆ త్రాడు ఎన్ని ముడులు వేసినా రెండంగుళాలు తక్కువైనది. ఒక అంగుళం జీవుని ప్రయత్నం, ఒక అంగుళం భగవంతుని దయ అని పెద్దలు వ్యాఖ్యానిస్తారు. పెంపకంలోనూ ఈ రెండు అంగుళాలు ఉన్నవి. ఒకటి మన ఓర్పు. రెండవది కాలక్రమాన బిడ్డలో వచ్చే పరిపాకం. రెండవది మన చేతిలో లేదు. తల్లి అలసటను చూచి కృష్ణుడు తానై కట్టుబడినాడు. మన బిడ్డ కూడా ఒకనాడు తానై కట్టుబడతాడు. అంతవరకు విసుగక త్రాడు పట్టుకొని ఉండవలెను.

ఎంతకాలం అంటారా? ధ్రువుని తలచుకోండి. అయిదేండ్ల పసివాడు. తండ్రి ఒడి ఎక్కబోయి, సవతితల్లి సురుచి మాటలకు గాయపడి, పెదవులు వణుకుతూ తల్లి వద్దకు వచ్చినాడు. సునీతి "ఏడవకు, ఊరుకో" అనలేదు. ఒడిలోకి తీసుకొన్నది. తానూ కన్నీరు పెట్టినది. ఇతరుల కీడు కోరవద్దని చెప్పి, ఆ దుఃఖానికి శ్రీహరి పాదాలను దారిగా చూపినది. ఒడి ముందు, ఉపదేశం తరువాత. ఆ ధ్రువుడు హరిని దర్శించి, రాజ్యమేలినాడు. అయినను తమ్ముడు ఉత్తముని ఒక యక్షుడు చంపినప్పుడు కోపం మరల పొంగినది. యక్షులపై యుద్ధానికి దిగి, నేరం చేయనివారిని కూడా సంహరింపసాగినాడు. అప్పుడు తాత స్వాయంభువ మనువు వచ్చి, నచ్చజెప్పి, విల్లు దింపించినాడు. హరిని చూచిన ధ్రువునికే తాత రావలసి వచ్చినది. మూడేండ్ల పసివానికి నూరుసార్లు చెప్పవలసి వచ్చినదని మనం విసుగుకోవచ్చునా? ఇంటిలోని తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ మనువు పని చేయవలెను. తల్లిని తప్పుపట్టడం వారి పని కాదు, ఆమె అలసినప్పుడు బిడ్డను అందుకోవడం వారి పని.

ఒక హెచ్చరిక కూడా చెప్పవలెను. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారినా, తనను తాను గాయపరచుకొంటున్నా, వయస్సుకు తగిన మాటలు రాకపోయినా, అయిదేండ్లు దాటిన తరువాతను పేచీలు తరచుగా వస్తున్నా పిల్లల వైద్యుని చూడండి. దిష్టి తీయవద్దని నేను అనను. దిష్టితో ఆగిపోవద్దంటున్నాను.

కథ చివర చూడండి. మద్దిచెట్లు కూలిన చప్పుడుకు నందుడు పరుగున వచ్చినాడు. రోలు ఈడ్చుకొంటున్న కొడుకును చూచినాడు. "ఏమి చేసినావు?" అని గద్దించలేదు. నవ్వి కట్టు విప్పినాడు. తండ్రులారా, ఇది మీ పాఠం. సాయంకాలం ఇంటికి చేరగానే ఉదయం జరిగిన నేరాల విచారణ మొదలుపెట్టకండి. ముడి విప్పండి.

ఈ కార్తికంలో దీపం వెలిగించి దామోదరుని స్మరించేటప్పుడు ఒక చిన్న సంకల్పం కూడా చెప్పుకొందాము. మా ఇంటి పసివాని కన్నులలో భయం కనిపించిన క్షణంలో, స్వామీ, మా చేతి కర్ర జారిపోవుగాక. మా ఒడి తెరచి ఉండుగాక.

అమ్మా, ఇందాక ఏడ్చిన నీ బిడ్డ ఇప్పుడు నీ భుజంపై నిద్రపోతున్నాడు. నెమ్మదిగా తీసుకొనివెళ్ళు. ప్రసాదం నీ వద్దకే పంపిస్తారు.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.